నల్లరేగడి మీద పత్తిపువ్వు

తమిళనాడులోని కోవిల్‌పట్టి నేలను ఉత్త నలుపని ఒక్క మాటలో తేల్చేస్తే దానికి అన్యాయం చేసినట్టే. వైశాఖం ఎండల్లో ఆ కరిసల్ నేల, అదే మన నల్లరేగడి, బూడిద రంగుకు తిరిగిపోతుంది. చెయ్యి దూరేంత పగుళ్లు తీస్తుంది. పగులులోకి తొంగి చూస్తే పైన బూడిద, లోపల ముదురు గోధుమ. ఆశ్వయుజంలో ఈశాన్య రుతుపవనం తొలివాన పడిందా, ఒక్క పూటలో అదే నేల బంకకట్టి, ఉబ్బి, పగుళ్లు పూడ్చుకుని నలుపెక్కుతుంది. ఆ తడి నలుపులో సన్నటి ఎర్రజీర ఒకటి ఉంటుంది. పొద్దు వాలుగా పడినప్పుడే అది బయటపడుతుంది. సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని దున్నిన చేలను చూడండి. ఒక్కో చాలుది ఒక్కో నలుపు.

ఆ నలుపుల్లో ఒకదాన్ని, ప్రోగ్రాములు రాసుకునే నా కోడ్ ఎడిటర్‌కు నేలగా, అంటే అక్షరాల వెనకుండే రంగుగా, పరిచాను. పొద్దున్నుంచి రాత్రిదాకా నా కళ్లముందుండేది అదే. దాని మీద ఏయే రంగులు నిలబడతాయో, ఏవి నిలబడలేవో చూసుకుంటూ పోవడం నాకు ఒక కావ్యాన్ని పద్యం పద్యంగా చదువుకున్నంత ఆనందాన్నిచ్చింది. ఆ ఆనందం గురించే ఇదంతా.

ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎడిటర్ రంగుల కూర్పుల, అంటే థీముల, ముచ్చట పెట్టుకున్నప్పుడు అక్షరాల రంగులనే మెచ్చుకుంటారు. ఆ గులాబీ బాగుంది, ఈ ఊదా బాగుంది అంటారు. నేలను మెచ్చుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. కానీ తెరలో ఎక్కువ భాగం నేలే. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడి లెక్కలో చెప్పాలంటే నేల స్థాయిభావం; దాని మీద మెరిసి పోయే రంగులన్నీ సంచారులు. స్థాయి కుదరని చోట సంచారులు ఎన్ని పోగేసినా రసం పుట్టదు.

పేరున్న థీములను ఈ కన్నుతో చూస్తే ఒక్కొక్కటి ఎంత తెలిసి చేసిన పనో అర్థమవుతుంది. తెర మీద ప్రతి రంగూ మూడు అంకెల కూర్పు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255 వరకు. డచ్ డిజైనర్ వైమర్ హేజన్‌బర్గ్ 2006లో టెక్స్ట్‌మేట్ అనే ఎడిటర్ కోసం చేసిన మోనోకై నేల 39, 40, 34. నీలం ఒక్కటి కాస్త తగ్గింది చూడండి. ఆ చిన్న తగ్గింపుతో నలుపుకు పాచిపట్టిన పచ్చదనం వచ్చింది. ఆ పచ్చదనం ఉండబట్టే మోనోకై గులాబీ (249, 38, 114) అంత ఎగిరి కనిపిస్తుంది. అదే గులాబీని ఉత్త నలుపు మీద పెడితే ఆ జోరుండదు. జీనో రోచా 2013లో చేసిన డ్రాకులా నేల 40, 42, 54. ఇక్కడ నీలానిది పైచేయి. అర్ధరాత్రి ఆకాశంలా ఉంటుంది. ఈథన్ షూనోవర్ 2011లో వెలువరించిన సోలరైజ్డ్ అన్నిటికన్నా సాహసం చేసింది: 0, 43, 54. ఎరుపు పూర్తిగా సున్నా. పైగా ఆయన మనిషి కన్ను వెలుగును ఎలా కొలుస్తుందో ఆ కొలత ప్రకారం పదహారు రంగులు ఎంచి, చీకటి నేలకూ వెలుగు నేలకూ ఒకే ఎనిమిది రంగులు సరిపోయేట్టు తూచి పెట్టాడు. రంగుల కూర్పులో అంత ఆలోచన, అంత నిష్ఠ నేను మరెక్కడా చూడలేదు. అయినా ఆ నేల నాకు చల్లగా తగులుతుంది. అది సముద్రం అడుగు. నేను పుట్టి పెరిగింది సముద్రానికి ఎడంగా, ఎండ కాసే మెట్టచేలలో.

అందుకని నా నేలను చేలోంచే తెచ్చుకున్నాను. మట్టి శాస్త్రజ్ఞులకు దీనికో పద్ధతి ఉంది. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్‌సెల్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగులను జాడ, వెలుగు, గాఢత అనే మూడు కొలతల్లో అమర్చాడు. ఆ పద్ధతితో తయారైన పుస్తకాన్ని చేలోకి తీసుకెళ్లి, మట్టిగడ్డను పుటల్లోని రంగు ముక్కల పక్కన పెట్టి పోలుస్తారు. నల్లరేగడి సాధారణంగా పసుపు-ఎరుపు జాడలో, వెలుగు బాగా తక్కువగా, గాఢత ఇంచుమించు లేనట్టుగా తేలుతుంది. అంటే మన కన్ను నలుపని సరిపెట్టుకున్న చోట పసుపూ ఎరుపూ దాగి ఉన్నాయన్నమాట. ఈ నలుపు వల్ల మట్టిలో సేంద్రియ పదార్థం బాగా ఉందనుకుంటారు చాలామంది. నిజానికి చాలా చోట్ల అది నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉన్న కాస్తా బంకమట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకుని అంత రంగు చూపిస్తుంది. ఇంత తక్కువ సరుకుతో ఇంత గాఢమైన రంగు! థీము చేసేవాళ్లు నేర్చుకోవాల్సినదంతా ఆ మట్టిలోనే ఉంది.

నా నేల చివరికి 43, 39, 36 దగ్గర ఆగింది. ఎరుపు ముందు, ఆకుపచ్చ దాని వెనక, నీలం అన్నిటికన్నా వెనక. మొదట 40, 40, 40 పెట్టి చూస్తే సిమెంటు గోడలా ఉంది. ఎరుపును మూడు మెట్లు ఎక్కించి, ఆకుపచ్చను ఒక మెట్టు, నీలాన్ని నాలుగు మెట్లు దించగానే వాన వెలిసిన చేను కళ్లముందుకొచ్చింది. పక్కవాళ్లకు చూపిస్తే తేడా ఏమీ లేదన్నారు. విడిగా చూస్తే నిజంగానే లేదు. దాని మీద అక్షరం పెట్టినప్పుడే తెలుస్తుంది.

అక్షరాలకు పత్తి రంగు ఇచ్చాను: 222, 214, 196. తెల్లటి తెలుపు కాదది. కాయ పగిలి రెండు రోజులు ఎండ తిన్న దూది. కోవిల్‌పట్టిలో 1901 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది; కరుంగణ్ణి అనే ఇక్కడి నాటు పత్తి మీద అక్కడ పనిచేశారు. పొట్టి పింజ పత్తి అది, వాన కోసం ఎదురుచూసే మెట్ట పంట. నల్లచేలో పగిలిన పత్తికాయ ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. అయినా కళ్లు చెదరవు. దాన్ని లెక్కలో కూడా చూడొచ్చు. నేలకూ అక్షరానికీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని వెబ్ పేజీల కోసం ఒక ప్రమాణం పెట్టుకున్నారు. నా పత్తికీ నా రేగడికీ మధ్య అది 10 దాటింది. తెల్లటి తెలుపు వాడితే ఇంకా పెరిగేదే, కానీ రాత్రి పదింటికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది.

ఇక ఈ నేల మీద రంగులెందుకు అసలు? కోడ్‌లో ప్రతి మాటా ఏదో ఒక కులానికి చెందుతుంది: ఇది ఆజ్ఞ, ఇది పేరు, ఇది అంకె, ఇది మనిషి కోసం రాసిన మాట. చదవకముందే ఆ తేడా కంటికి అందాలి. ఈ ఆలోచన తొలిరోజుల్లోనే ఒక నిఘంటువుకూ పనికొచ్చిందంటే నాకెంతో సంతోషం. 1985లో ఐబీఎంలో పనిచేసే మైక్ కౌలిషా లెక్స్ అనే ఎడిటర్ రాశాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న రోజులవి. ఒక్కో పద్దులో మాట, ఉచ్చారణ, అర్థం, పుట్టుక, ఉదాహరణ, అన్నీ కిక్కిరిసి ఉంటాయి. వాటిని రాస్తూ ఉండగానే దేనికది రంగులతో విడదీసి చూపించింది లెక్స్. మా కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు కూడా కరిసల్ మాటలకు ఒక నిఘంటువు కూర్చారు. ఇంట్లో తెలుగు, కథల్లో కరిసల్ సీమ తమిళం. ఆంధ్రదేశం నుంచి వలసొచ్చిన మన కుటుంబాల కథను గోపల్లపురం నవలల్లో చెప్పి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన నిఘంటువు పుటలను రంగుల్లో చూస్తే ఎలా ఉంటుందోనని నాకెప్పుడూ ఒక కోరిక.

నా థీములో నాకు అన్నిటికన్నా ప్రాణమైనది స్ట్రింగ్ రంగు. కొటేషన్ గుర్తుల మధ్య ఉండే మాటలివి. తెర మీద మనిషికి కనిపించే పలకరింపులు, హెచ్చరికలు, ఊర్ల పేర్లు ఇక్కడే ఉంటాయి. చాలా థీములు దీనికి పసుపో ఆకుపచ్చో ఇస్తాయి. నేను నాటు పత్తిపువ్వు పసుపు ఎంచుకున్నాను. ఈ పువ్వును దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలుసు: రేకులన్నీ లేత పసుపు, కింద గొంతు దగ్గర మాత్రం దానిమ్మ గింజలాంటి ముదురు ఎరుపు. పువ్వు విచ్చుకుంటే గానీ ఆ మచ్చ కనపడదు. స్ట్రింగ్ లోపల కూడా సరిగ్గా ఇలాంటి చోట్లున్నాయి. కొత్త వరుసకు వెళ్లమనే గుర్తు, ట్యాబ్ గుర్తు, మధ్యలో వేరియబుల్ విలువను దూర్చే చోటు. ఇవి మాటల్లో కలిసిపోయినట్టే ఉంటాయి కానీ మాటలు కావు. కంప్యూటర్‌కు రహస్యంగా ఇచ్చిన సైగలు. వాటికి ఆ దానిమ్మ రంగు ఇచ్చాను. పసుపు వాక్యం మధ్యలో ఒక ఎర్రటి చుక్క. ఒక పేరు దూర్చే చోటు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, పువ్వులో మచ్చలాగా దానంతటదే కనిపిస్తుంది.

ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి అంత పట్టుబట్టింది ఇందుకే అనిపిస్తుంది. ఎర్రచుక్క అందం ఎరుపులో లేదు, అది పడిన చోటులో ఉంది. ఆ ఎరుపునే తీసుకెళ్లి ప్రతి ఆజ్ఞకూ పూస్తే చేనంతా మంట పెట్టినట్టు ఉంటుంది.

కామెంట్ల సంగతి వేరు. వీటిని కంప్యూటర్ చదవదు. రాసినవాడు తర్వాత వచ్చేవాడికి చెప్పుకున్న మాటలివి: ఇక్కడ జాగ్రత్త, ఇది ఎందుకిలా చేశానంటే అని. చాలా థీములు వీటిని బూడిద చేసి మూలకు తోసేస్తాయి. మోనోకై లాంటి గొప్ప థీములోనూ కామెంటుకూ నేలకూ మధ్య వెలుగు నిష్పత్తి ఇంచుమించు 3 మాత్రమే. నాకిది ఎప్పుడూ నచ్చలేదు. కోడ్‌లో మనిషి గొంతు వినిపించే చోటు అదొక్కటే, దాన్నే మసకబారిస్తే ఎలా? కామెంట్లకు ఎండిన జొన్నచొప్ప రంగు ఇచ్చాను: 168, 150, 118. నిష్పత్తి 5 దాటింది. అక్షరాల పత్తికంటే తక్కువ వెలుగు, అందుకని ముందుకు తోసుకురాదు. చదవాలని చూస్తే మాత్రం కంటికి ఆనుతుంది. కోతలయ్యాక కుప్పవేసిన చొప్ప మీద ఎండపడితే ఉండే రంగది. నలుపు పక్కన అంత హాయైన రంగు మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

మరో చిన్న విషయం ఇక్కడే చెప్పాలి. కామెంట్లను వాలు అక్షరాల్లో పెట్టడం థీముల్లో ఒక మోజు. ఇంగ్లిష్ అక్షరాలకు అది అందంగానే ఉంటుంది, వాటి కోసం ప్రత్యేకంగా గీసిన వాలు రూపాలు ఉంటాయి గనక. నేను కామెంట్లు కొన్ని తమిళంలో, కొన్ని తెలుగులో రాసుకుంటాను. తెలుగు ఫాంట్లలో వాలు రూపం గీసినవి అరుదు. అప్పుడు కంప్యూటర్ ఉన్న అక్షరాన్నే బలవంతంగా పక్కకు వంచేస్తుంది. గుండ్రటి 'ఠ' కోడిగుడ్డులా సాగుతుంది. తలకట్టు ఒక పక్కకు జారుతుంది. కింది ఒత్తు అక్షరం కిందనుంచి తప్పుకున్నట్టుంటుంది. 'క్ష్మ' లాంటిది చూడలేం. వాలు తీసేసి, చొప్ప రంగు ఒక్కదానితోనే కామెంటును వేరు చేశాను. నిలబడిన తెలుగు అక్షరం ఆ రంగులో ఎంత నిండుగా ఉందో! మన లిపికి సన్నటి గీతలు ఎక్కువ, వంపులు ఎక్కువ. వెలుగు తగ్గితే ముందు పోయేవి ఆ వంపుల కొసలే. కామెంటు వెలుగును 5 దాటించడానికి సగం కారణం తెలుగే.

రంగుల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది నీలం. ఎందుకో తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది.

బాణసంచాకు పేరుపడ్డ శివకాశి విరుదునగర్ జిల్లాలోదే. దీపావళికి ముందు ఆ వైపు ఆకాశంలో బాణసంచా పరీక్షలు చూసినవాళ్లకు ఈ విషయం తెలిసే ఉంటుంది: ఎర్రటి పువ్వులు విరగబూస్తాయి, ఆకుపచ్చ మెరుస్తుంది, బంగారు జల్లు కురుస్తుంది, నీలం మాత్రం ఎప్పుడూ కొంచెం వెలవెలబోతుంది. ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది, పసుపు సోడియంది. నీలానికి రాగి కావాలి. మంటలో రాగి క్లోరిన్‌తో కూడినప్పుడు పుట్టే అణువు నీలి వెలుగునిస్తుంది. కానీ ఆ అణువు సుకుమారం. వేడి ఎక్కువైతే విరిగిపోతుంది, తక్కువైతే వెలుగే రాదు. ఆ ఇరుకు సందులో పట్టుకోవాలి. అందుకే మంచి నీలం వెలిగించగలిగినవాణ్ని బాణసంచా పనివాళ్లు మొనగాడంటారు.

తెర మీద నీలానికి వేరే రోగం. అక్కడ కొరత మన కంటిలోనే ఉంది. తెర వెలుగును మన కన్ను కొలిచే లెక్కలో ఆకుపచ్చ వాటా దాదాపు 72 పాళ్లు, ఎరుపుది 21, నీలానిది కేవలం 7. నా రేగడి నేల మీద మూడు రంగులనూ 255 దాకా నిండుగా వెలిగించి చూశాను. ఆకుపచ్చ నిష్పత్తి 10.8. ఎరుపు 3.7. నీలం 1.7. ముగ్గురికీ ఒకే కూలి ఇచ్చినా నీలం పని కనపడదు. నిండు నీలంతో రాసిన మాట చీకటి నేలలో పాతిపెట్టినట్టే. ఎడిటర్లలో మనం ముచ్చటపడే ఆ లేతనీలాలన్నీ అసలు ఆకుపచ్చ మోసుకొచ్చినవే. ఫంక్షన్ల పేర్లకు నేనిచ్చిన నీలం 130, 170, 190. నిష్పత్తి దాదాపు 6. అందులో కంటికి చేరే వెలుగులో నాలుగింట మూడు పాళ్లు ఆకుపచ్చదే. నీలం తన రంగు చూపిస్తోంది, వెలుగును మాత్రం ఆకుపచ్చ దగ్గర అరువు తెచ్చుకుంటోంది. ఈ సంగతి తెలిశాక ఆ పేర్లను చూస్తే ఒక సన్నటి జాలి, దానితోపాటే ముచ్చటా కలుగుతాయి. వాన వెలిసిన తర్వాత కళుగుమలై కొండ వెనక కనిపించే ఆకాశం అచ్చం ఇంతే నీలం.

మొత్తం ఎన్ని రంగులుండాలన్నది నాకు అగ్గిపెట్టెలు నేర్పాయి. 1922లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొచ్చారు. ఆ పని సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ పాకింది. పెట్టెకు లేబులు కావాలి, లేబులుకు అచ్చు కావాలి. అలా శివకాశి అచ్చు యంత్రాల ఊరైంది. ఆ పెట్టెల వెనక ఎన్నో ఏళ్లపాటు పసిపిల్లల చేతులు కూడా ఉన్నాయన్నది మరిచిపోతే ఈ అందం గురించి మాట్లాడే హక్కు ఉండదు; 1996లో సుప్రీంకోర్టు దాని మీద తీర్పు చెప్పాల్సి వచ్చింది. అది గుర్తుంచుకునే ఆ లేబుళ్లను చూడాలి. 2021 డిసెంబరులో రెండు రూపాయలయ్యే వరకూ పద్నాలుగేళ్లు ఒక్క రూపాయికే దొరికిన వస్తువు మీద అంత శ్రద్ధ పెట్టి గీసిన బొమ్మలవి. చిలుక, తామర, తాళంచెవి, దీపం. రెండు వేళ్ల వెడల్పు చోటు. రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది కాబట్టి మూడో నాలుగో సిరాలు. ఆ గీతకారుడు ఏం చేశాడు? పసుపు నేల పరిచాడు. చిలుక ఒంటికి పసుపు మీదనే నీలం వేశాడు, ఆకుపచ్చ దానంతటదే వచ్చింది. ముక్కుకు, పేరు అక్షరాలకు ఎరుపు. చుట్టూ నల్లగీత. మూడు సిరాలు, ఒక గీత, పైగా ఊరికే వచ్చిన ఆకుపచ్చ.

ఆ ఊరికే వచ్చిన ఆకుపచ్చను ఎడిటర్‌లో ఎంపిక రంగు దగ్గర పట్టుకున్నాను. మౌసుతో ఒక ముక్కను లాగి ఎంచుకున్నప్పుడు దాని వెనక పడే పట్టీ అది. అక్కడ నిండు రంగు వేస్తే కింద ఉన్న గుర్తులన్నీ మూసుకుపోతాయి. అందుకని రంగుకు నాలుగో కొలత ఒకటి ఇస్తారు, పారదర్శకత. వెలుగు పలచగా పడితే నేల దాని గుండా కనిపిస్తుంది. నేను పత్తిపువ్వు పసుపునే బాగా పలచగా వేశాను. రేగడి మీద ఆ పసుపు పడగానే ఏ అంకెలోనూ నేను రాయని ఒక తేనెరంగు పుట్టింది. అచ్చులో ఒక సిరా మీద ఇంకో సిరా పడ్డట్టే. ప్రెస్సులో కాగితం అంచున వరసగా ఉండే రంగు గళ్లను, సిరాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూసే ప్లస్ గుర్తులను, భూతద్దం పెట్టి చూస్తున్న పనివాణ్ని చూసినప్పుడల్లా నాకు నా సెట్టింగ్స్ ఫైలే గుర్తొస్తుంది.

ఆ ఫైలు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నేను వాడే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రెండు విభాగాలుంటాయి: ఒకటి గోడలు, పట్టీలు, నేలల కోసం, ఒకటి అక్షరాల కోసం. ఏ మాట ఏ కులానిదో తెలియకపోతే ఎడిటర్ టోకెన్లను పరిశీలించే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని పిలిచి కర్సర్‌ను మాట మీద పెడితే దాని వంశవృక్షమంతా చెబుతుంది. ఆ వంశాల పేర్లు ఇప్పటికీ పాత టెక్స్ట్‌మేట్ పెట్టినవే. పని అంతే. మిగతాదంతా కన్ను చెయ్యాలి.

ఇదంతా రాత్రి థీము. పగలు దీన్ని వాడటం నా వల్ల కాలేదు, ముఖ్యంగా విరుదునగర్‌లో. అక్కడ మధ్యాహ్నం ఎండ వేరు. పప్పుల మండీలు, మిరప గోదాములు, నూనె మిల్లుల వీధుల్లో సున్నం కొట్టిన గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగు గదిలో నిండిపోతుంది. నల్లటి తెర మీద మన ముఖమే కనిపిస్తుంది. పగటికి మరో థీము కావలసి వచ్చింది. దాని నేల పొట్టు తీసిన నువ్వుల రంగు: 247, 240, 226.

రంగుల జాతకాలన్నీ తారుమారయ్యాయి. పత్తిపువ్వు పసుపు ఆ నేల మీద ఆవిరైపోయింది. రాత్రి రాణిలా ఏలిన ఆకుపచ్చ 1.2కు పడిపోయింది. 1.7 దగ్గర చతికిలబడ్డ నీలం మాత్రం 7.6తో తలెత్తి నిలబడింది! చీకట్లో దాన్ని దెబ్బతీసిన ఆ తక్కువ వెలుగే పగలు దానికి బలమైంది. దీన్ని చూసిన పూట నేను వేరే పని చేయలేకపోయాను. ఫంక్షన్ పేర్లన్నిటికీ ఎవరి దగ్గరా అరువు తేని నిఖార్సయిన ముదురు నీలం ఇచ్చి తనివితీరా చూసుకున్నాను. స్ట్రింగ్‌లకు పసుపు పోయాక విరుదునగరే ఇంకో రంగు అందించింది: గానుగ నువ్వుల నూనె. గాజు సీసాలో దాన్ని వెలుగుకు పట్టుకుంటే పసుపు దాటి గోధుమలోకి జారుతున్న రంగు. 140, 84, 20. నిష్పత్తి 5.5కు దగ్గర. నువ్వుల మీద నువ్వుల నూనె. ఇంత సహజమైన కూర్పు నాకు తట్టినందుకు ఆ ఊరికే దండం పెట్టాలి. తప్పులను చూపించే అలగీతకు మాత్రం పగలూ రాత్రీ ఒకే మిరప ఎరుపు. ఆ రంగును మరెక్కడా వాడలేదు. మిరప గోదాము ముందు నడిచినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

ఆఖరున మారినవి, ఫైలు పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ పోల్చేటప్పుడు కొత్తగా చేర్చిన వరుసలనూ తీసేసిన వరుసలనూ చూపించే జంట రంగులు. ఆనవాయితీ ప్రకారం చేర్చినవి ఆకుపచ్చ, తీసినవి ఎరుపు. అలాగే పెట్టాను. మా చిన్నాన్న కొడుకు చూసి, "అన్నా, ఈ రెండూ నాకు ఒక్క మాదిరిగానే అగుపిస్తాయే, ఏది పెట్టినావో ఏది తీసినావో తెలీలా" అన్నాడు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా అందని కళ్లు మగవాళ్లలో అరుదేం కాదు. వెంటనే చేర్చిన వరుసలకు ఆ కళుగుమలై కొండ వెనకటి నీలం, తీసిన వరుసలకు పండిన ఈతకాయ నారింజ పలచగా పూశాను. ఒకటి చల్లన, ఒకటి వెచ్చన; వెలుగులో కూడా ఒకదానికొకటి దూరంగా ఉండేట్టు తూచి పెట్టాను. ఇప్పుడు వాడు ఒక్క చూపులో చెప్పేస్తున్నాడు. నాకూ పాత జంటకంటే ఇదే నచ్చింది: ఆకుపచ్చ, ఎరుపు రేగడి మీద ఒకదాన్నొకటి కసురుకునేవి, నీలమూ నారింజా పక్కపక్కనే కూర్చున్నాయి. పగటి థీములో ఆ నారింజ ఇంకా కుదరలేదు. నువ్వుల నేల మీద అది నూనె రంగుకు మరీ దగ్గరవుతోంది. వచ్చే వారం దాన్ని కొంచెం ఇటుక వైపు జరిపి చూడాలి.